ఆరు బిళ్ళల గది

మాపు కర్ర పట్టిన మనిషికి తెలిసినంతగా ఇల్లు కట్టించిన మనిషికి కూడా ఇల్లు తెలియదని వెంకటేశ్వరి నమ్మకం. ఎవరైనా కాదంటే ఆమె వాదనకు దిగదు. మాపు బకెట్‌లో ముంచి, గట్టిగా పిండి, తన పని తాను చూసుకుంటుంది. నమ్మకం మాత్రం మారదు.

ఆ ఆదివారం పొద్దున కువైట్‌లో, రుమైథియాలోని పాత ఇంట్లో ఆమె పెద్ద హాలు తుడుస్తుంటే, ఇంటి ఆడపిల్ల మజీదా మోకాళ్ళ మీద కూర్చుని గోడతో కుస్తీ పడుతోంది. చేతిలో చిన్న యంత్రం. మీట నొక్కితే ఎర్రటి చుక్క ఎదురు గోడ మీద వాలి దూరం ఎంతో చెప్పాలి. అది కాస్తా మధ్యలో గాజు బీరువా మీద వాలి ఒకసారి ఆరు మీటర్లంటుంది, ఒకసారి తొమ్మిదంటుంది. మూడోసారి ఏమీ అననే లేదు.

“బుధవారానికి ఇంటి పటం ఇవ్వాలి ఈషూ,” అంది మజీదా ఏడుపు గొంతుతో. ఆరేళ్ళప్పుడు పేరు పూర్తిగా పలకలేక ఈషూ అనడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళొచ్చి కాలేజీలో ఇళ్ళు గీసే చదువు చదువుతున్నా అదే పిలుపు. “పాతకాలపు పెద్ద ఇల్లు ఒకటి కొలవాలి. దాని పోలికలతో కొత్త కాలేజీ ఒకటి గీయాలి. కొలతే రాకపోతే గీసేదేముంది?”

“హాలు ఇరవై రెండు బిళ్ళలు,” అంది వెంకటేశ్వరి తలెత్తకుండానే. “అటు పదహారు.”

“ఏమన్నావు?”

“నేల మీద బిళ్ళలు. పద్నాలుగేళ్ళుగా రోజుకు రెండుసార్లు తుడుస్తున్నా. కళ్ళు మూసుకున్నా చెయ్యి చెప్తుంది.”

ఇద్దరి మధ్యా నడిచేది వంటింటి అరబ్బీ. వ్యాకరణం లేకపోయినా అందులో దాపరికం ఉండదు. మజీదా టేపు తీసి ఒక బిళ్ళ కొలిచింది. సరిగ్గా ముప్ఫై సెంటీమీటర్లు, అంటే మన అడుగు. పెదాలు కదుపుతూ గుణించింది. ఈషూ మాట మీద నమ్మకం లేక కాదు గానీ, చదువుకున్న పిల్ల కదా, టేపు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచి మరీ చూసింది. వేలెడు తేడా రాలేదు. యంత్రాన్ని సోఫా మీదికి విసిరేసింది.

“దీవానియా?” అని అడిగింది, వీధి గుమ్మం పక్కన మగవాళ్ళు సాయంత్రాలు కూర్చుని కబుర్లాడుకునే గది వైపు వేలు చూపిస్తూ.

“ఇరవై నాలుగు, పద్నాలుగు. గుమ్మం దగ్గర పగిలిన బిళ్ళ ఉందే, మీ చిన్నాన్న చాయ్ కాచే సమోవార్ పడేసింది, దాన్ని కూడా కలిపే చెప్తున్నా.”

“హోష్?”

“నడిమింట్లో ఆకాశం కనిపించే జాగానా? పద్దెనిమిదికి పద్దెనిమిది. రేగు చెట్టు మొదలు నాలుగు బిళ్ళలు తినేసింది.”

మజీదా పకపకా నవ్వింది. ఒకరు చెప్తుంటే ఒకరు రాసుకుంటూ గదులన్నీ తిరిగారు. మెట్లెన్ని, మెట్టు ఎత్తెంత, వీధి గోడకు ఆనించి కట్టిన అరుగు పొడవెంత, ఏది అడిగినా జవాబు ఆమె నాలుక చివరే ఉంది. తీరా అంతా అయ్యాక అసలు ప్రశ్న తట్టింది ఆ పిల్లకు.

“ఇవన్నీ ఎందుకు లెక్కపెట్టావు ఈషూ?”

వెంకటేశ్వరి తడి చేతులు గౌనుకు తుడుచుకుని ఫోను తీసింది. ఫోటోలో ఎర్రటి నేల, నాలుగు హద్దురాళ్ళు, మధ్యలో కెమెరా వైపే చూస్తున్న ఒక మేక.

“నా ఇల్లు,” అంది.

“మేక కనిపిస్తోంది. ఇల్లేది?”

“ఈ శుక్రవారం వస్తుంది. మా దేశంలో ఇల్లు మొదట నేల మీద సున్నంతో గీస్తారు. ముగ్గు పోయడం అంటాం. ఆ గీతల మీద తవ్వి గోడలు లేపుతారు. నేను కట్టేది ఈ ఇల్లే మజీదా. కొంచెం చిన్నది చేసి. హోష్ ఉంటుంది, దీవానియా ఉంటుంది, బయట అరుగు ఉంటుంది.” చెప్పేశాక ఆమెకు సిగ్గేసింది. పరాయి ఇంటి వంట రహస్యం పట్టుకుపోతూ దొరికినట్టు నిలబడింది.

మజీదా మాత్రం ఎగిరి గంతేసింది. “తెలుసా, మా తాత ఈ ఇల్లు కట్టించింది సముద్రం ఒడ్డున వాళ్ళ నాన్న కట్టిన మట్టి ఇంటిని చూసి. నేనిప్పుడు తాత ఇంటిని చూసి కాలేజీ గీస్తున్నా. నువ్వు నీ పల్లెలో ఇల్లు కడుతున్నావు. అందరం దొంగలమే!”

“దొంగతనం అనకు. పోలిక అను,” అంది వెంకటేశ్వరి. “బిడ్డకు తాత ముక్కు వస్తే దొంగతనమా?”

---

సోమవారం మధ్యాహ్నం భోజనాలై ఇల్లంతా పడుకున్నాక వెంకటేశ్వరి ఉతికిన బట్టలతో మిద్దెక్కింది. మాఘమాసం ఎండ వీపుకు హాయిగా ఉంది. పక్కింటి మిద్దె మీద రెడ్డెమ్మ అప్పటికే దుప్పట్లు ఆరేస్తోంది. రెడ్డెమ్మది రాయచోటి పక్క, వెంకటేశ్వరిది పుల్లంపేట దగ్గరి పల్లె. రెండు మిద్దెల మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం.

“ఏమ్మే వెంకటేశూ, మొగం మతాబు మాదిరి ఎలిగిపోతాండాది?”

“మేస్త్రీ ప్లాను పంపుతాడంటక్కా. శుక్రవారం ముగ్గు.”

“అబ్బో! దివాణమే కట్టేటట్టుండావే. మంచం ఉన్నంతకే కాళ్ళు సాపుకోవల్లంటారు మే.”

“నా మంచం కొలత నీకేం తెల్సు లేక్కా,” అని నవ్వుతుండగానే ఫోను మోగింది. వీడియోలో మొగుడు పెంచల్, పక్కనే మేస్త్రీ గంగాధర్. ఇద్దరూ అరటితోట గట్టు మీద కూర్చున్నారు. రెండు వారాలుగా ఆమె నేల తుడుస్తూ తుడుస్తూ ఒక్కో గది కొలతా గంగాధర్‌కు గొంతు మెసేజి పెట్టింది. స్థలం చిన్నది కాబట్టి మూడు బిళ్ళలకు రెండడుగుల వంతున తగ్గించి గీయమంది.

“వదినా, ప్లాను నీ ఫోన్లోకే కొట్టినా. సూసుకో,” అన్నాడు గంగాధర్.

“దాంట్లో ముందర రెండు సింహాలు లేవు,” అన్నాడు పెంచల్ దిగులుగా. “అద్దాల రెయిలింగూ లేదు. కువైట్ సొమ్ముతో కట్టిన ఇల్లని ఎవురన్నా అనుకుంటారా మే?”

“యోవ్, ఈడ నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ ఇంటికే సింహాలు లేవు. నీకెందుకు?”

“వాళ్ళు ఆ దేశంలో ఉండారు, లేకపోయినా చెల్లుతాది. మనం పుల్లంపేటలో ఉండాం.”

ఆ మాటకు రెడ్డెమ్మ గోడ అవతల నుంచి పడీపడీ నవ్వింది. వెంకటేశ్వరి ప్లాను తెరిచి, వేళ్ళతో సాగదీసి చూసింది. ఆమెకు గీతలు బాగానే అర్థమవుతాయి. ఇదిగో వీధి అరుగు. ఇది దీవానియా. నడిమింట్లో ఆకాశం వదిలిన చదరం, దాని చుట్టూ వసారా. ఎన్నాళ్ళుగానో తలలో మోస్తున్న ఇల్లు కాగితం మీద కూర్చుని తన వైపు చూస్తోంది. ఎంత ముద్దుగా ఉంది! వంటిల్లు, మెట్లు, ఆ మెట్ల కింద...

మెట్ల కింద చిన్న పెట్టె లాంటి గీత ఉంది. దానికి కిటికీ లేదు. వంటింట్లోకి ఒక్క తలుపు. లోపల పొందిగ్గా ‘పనిమనిషి రూము’ అని రాసి ఉంది.

“మేస్త్రీ, ఇదేంది?”

“నువ్వే చెప్తివి గదా వదినా. ఆఖరి మెసేజిలో. వంటింటి ఎనక, మెట్ల కింద, ఆరు బిళ్ళలు, నాలుగున్నర. కిటికీ లేదని గూడా నువ్వే అంటివి. అట్లాంటిది పనిమనిషికే గదా అని రాసినా. కావాలంటే మళ్ళా ఇను.”

వినక్కర్లేదు. ఆమెకు గుర్తొచ్చింది. రోజూ నేల తుడవడం హాలుతో మొదలై ఆ గదితో ఆగుతుంది. మాపు ఎంతదాకా పోయిందో నోరూ అంతదాకా పోయింది. ఇల్లు కొలుస్తున్నానన్న ధ్యాసలో, ఎవరి గది చెప్తున్నానన్న ధ్యాసే లేకపోయింది.

“అన్నీ తగ్గించినా గానీ, అదొక్కటి తగ్గించలా వదినా,” గంగాధర్ తన పనితనం చెప్పుకుంటున్నాడు. “తగ్గిస్తే నాలుగడుగులకి మూడడుగులొచ్చె. దాంట్లో మేక గూడా పండుకోలేదు. అందుకని నీ కొలత ఉన్నదున్నట్టు పెట్నా.”

అంటే కువైట్ ఇంటి నుంచి తన ఇంటికి ఏ మార్పూ లేకుండా, నిలువెత్తు కొలతతో వస్తున్నది ఆ గది ఒక్కటే.

“తీసెయ్ మేస్త్రీ,” అంది వెంకటేశ్వరి. “మనకెందుకది?”

“ఎందుకేంది మే?” పెంచల్ అందుకున్నాడు. “ఇంత ఇంటికి పనికి మనిషి వద్దా? నువ్వొచ్చినాక గూడా కసువులు ఊడుస్తావా? మునిలచ్చిమిని పెట్టుకుందాం. మొగుడు పోయి కూలికి పోతాండాది, పాపం. రేత్రిళ్ళు ఆడనే పండుకుంటాది. పెద్దిల్లు అన్నంక అది ఉండాల. రెడ్డోళ్ళ దివాణంలో లేదా?”

“దాంట్లో మనిషి పండుకోలేదయ్యా.”

“ఎందుకు పండుకోలేదు? ఆరడుగులుండాది. ఆ కువైట్‌లో ఎవురో పండుకుంటానే ఉండారు గదా!”

కింద నుంచి, అందరూ మామా అనే మజీదా తల్లి కేక వినిపించింది, చాయ్ పెట్టమని. వెంకటేశ్వరి ఫోను కట్టేసింది. బట్టల క్లిప్పు ఒకటి చేతిలోనే ఉండిపోయింది.

“ఆ రూములో పండుకునేది నువ్వని ఆయప్పకు తెలీదా?” మెల్లగా అడిగింది రెడ్డెమ్మ.

“ఎట్ల తెలుస్తాదక్కా? ఫోను చేసేది మిద్దె మీదినుంచి. లేకపోతే హాల్లో దీపాల గుత్తి కింద నిలబడి చేస్తా. ఆ రూము ఎన్నడూ చూపియ్యలా. చూపిస్తే అన్నం తినడని.”

“మా ఆయన నేను ఏసీ సోఫా మీద పండుకుంటాననుకుంటాండాడు. పోయినేడు దుప్పటి పంపిచ్చినాడు, చలికి తట్టుకోలేవని.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గోడ పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక రెడ్డెమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “చెప్పు మే ఆయప్పకి. ముగ్గు పోసినాక గోడ లేస్తాది. గోడ లేసినాక నీ మాట యాడ లేస్తాది?” అంది.

---

మంగళవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మజీదా భోజనాల బల్ల మీద తన పటం పరిచింది. చాపంత కాగితం. వెంకటేశ్వరి చాయ్ గ్లాసు దూరంగా పెట్టి, చేతులు తుడుచుకుని వంగి చూసింది. సన్నటి గీతలతో ఎంత శుభ్రంగా ఉంది! హాల్లో బిళ్ళలు కూడా గీసింది, ఇరవై రెండుకి పదహారు. రేగు చెట్టు పైనుంచి చూస్తే కనిపించినట్టు గుండ్రంగా గీసింది.

“బాగుందా?”

“బంగారంలా ఉంది.” వెంకటేశ్వరి వేలు గాలిలోనే ఇల్లంతా తిరిగింది. హాలు, వసారా, వంటిల్లు. మెట్ల దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ చిన్న పెట్టె నిండా ఏటవాలు గీతలు కొట్టి, మధ్యలో అరబ్బీలో ఒక మాట రాసి ఉంది. “ఇక్కడ ఏం రాశావు?”

“అదా? సామాన్ల కొట్టు.”

అనేసింది. అన్న తర్వాత ఆ మాట ఆ పిల్ల చెవికే తగిలింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. “వంటింటి పక్కవన్నీ అట్లా గీతలు కొట్టేయడం అలవాటు... నేను చూసుకోలేదు ఈషూ...”

వెంకటేశ్వరికి కోపం రాకపోలేదు. వచ్చింది. పద్నాలుగేళ్ళు! ఉరుములు వచ్చినప్పుడల్లా ఈ పిల్ల పరిగెత్తుకొచ్చి తన కడుపులో తల పెట్టి పడుకున్నది ఆ కొట్టులోనే కదా. కానీ తిట్టడానికి నోరు తెరిచేసరికి నిన్నటి ప్లాను కళ్ళ ముందు నిలిచింది. ఈ పిల్లకు గది గుర్తుండి అందులో మనిషి గుర్తురాలేదు. తనకు మనిషి గుర్తుండి కూడా, ఆ గదిని మోసుకెళ్ళి తన ఇంట్లో పెట్టుకోబోయింది. ముందు ఎవరిని తిట్టాలి?

“సామాన్లు ఉన్న మాట నిజమే,” అంది నెమ్మదిగా. “బియ్యం బస్తాలు, పాత ఫ్యాను, మీ నాన్న చేపల గాలాలు. వాటితోపాటు నేను ఉంటాను. అది మాత్రం రాయి.”

మజీదా టేపు తీసుకుని వంటింట్లోకి నడిచింది. వెంకటేశ్వరి వెనకాలే వెళ్ళింది. తలుపు తీసి, మెట్ల వాలుకు తల తగలకుండా వంగి, ఆ పిల్ల లోపల మంచం అంచు మీద కూర్చుంది. చుట్టూ చూసింది. గోడలు తడిమింది.

“కిటికీ లేదు,” అంది, ఇప్పుడే తెలిసినట్టు.

“లేదు.”

“చిన్నప్పుడు ఈ గది ఇంకా పెద్దదిగా ఉండేది.”

“నువ్వు చిన్నగా ఉండేదానివి.”

మజీదా పొడవు కొలిచింది. ఆరు బిళ్ళలు. వెడల్పు కొలిచింది. నాలుగున్నర. తలాపున ఇనుప బీరువా ఒకటిన్నర బిళ్ళ తిన్నది. ఆ అంకెలు రాసుకుంటుంటే పెన్సిలు ములుకు విరిగింది. లేచి వచ్చి, బల్ల మీద ఏటవాలు గీతలన్నీ రబ్బరుతో శుభ్రంగా చెరిపి, మంచం గీసింది, బీరువా గీసింది. తర్వాత పేరు పూర్తిగా ఎలా రాయాలో అడిగి అడిగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, ‘వెంకటేశ్వరి గది’ అని అరబ్బీలో రాసింది. ఆ రాత వెంకటేశ్వరికి చదవడం రాదు. అయినా పేరుకు అంత పొడవుందా అని ముచ్చటపడి రెండుసార్లు చూసుకుంది.

ఆ పిల్ల బుధవారమంతా కాలేజీలోనే ఉండిపోయింది. గురువారం మధ్యాహ్నం గుమ్మంలోంచే కేకలు పెడుతూ వచ్చింది. టీచర్లు పటం ముందు చాలాసేపు నిలబడ్డారట. ఇంత నిక్కచ్చిగా ఎవరు కొలిచారని అడిగారట. కొలిచిన మనిషి పేరు పటంలోనే ఉంది, మెట్ల కింద చూడండి అందట.

“నేను గీసిన కొత్త కాలేజీలో ఊడ్చేవాళ్ళకు గది హోష్ వైపే పెట్టాను ఈషూ. పెద్ద కిటికీ, చెట్టు కనిపించేటట్టు. ఇంత చోటు వాళ్ళకెందుకని ఒకాయన అడిగాడు. పాత ఇంటి నుంచి మంచి పోలికే తీసుకోవాలి, జబ్బు తీసుకోకూడదని చెప్పాను.” ఊపిరి తీసుకుని తల్లి వైపు తిరిగింది. “మామా, పైన ఇస్త్రీ గదికి కిటికీ ఉంది కదా. ఈషూకి అది ఇద్దాం.”

మామా టీవీ మీద నుంచి చూపు తిప్పి కూతుర్నీ, వెంకటేశ్వరినీ మార్చి మార్చి చూసింది. “నువ్వెప్పుడూ అడగలేదే?” అంది.

వెంకటేశ్వరి అడగలేదు. నిజమే.

“రంజాన్ పోనీ, చూద్దాం,” అంది మామా.

రంజాన్‌కు ఇంకా మూడు వారాలుంది, ఆ తర్వాత మరో నెల. మాట నిలుస్తుందో, నీరుగారుతుందో. అయినా ఆ గది సంగతి ఈ ఇంట్లో నోటి మీదికి రావడం ఇదే మొదలు. వెంకటేశ్వరి వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరుగుతూ తనలో తాను నవ్వుకుంది. ఎత్తుకుని పెంచిన పిల్లకే చెప్పందే తెలియలేదు. మూడున్నర వేల కిలోమీటర్ల అవతల ఉన్న మొగుడికి చెప్పకుండా ఎట్లా తెలుస్తుంది? రేపు చెప్పాల్సిందే.

---

శుక్రవారం పొద్దున్నే కువైట్ ఇంకా నిద్రలోనే ఉంది. పుల్లంపేట దగ్గరి పల్లెలో మాత్రం తొమ్మిదిన్నర దాటింది. వెంకటేశ్వరి తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మిద్దెక్కింది. రెడ్డెమ్మ అప్పటికే గోడ దగ్గర నిలబడి ఉంది. “నేనూ సూస్తా మే,” అంది. ఫోను గోడకు ఆనించారు.

టెంకాయ కొట్టడం, హారతి అయిపోయాయి. అయ్యవారు ఇంకో ముహూర్తానికి వెళ్ళిపోయాడు. ఎర్రటి నేల మీద కొయ్యలు పాతి, తాడు లాగి, గంగాధర్ సున్నం పోసుకుంటూ పోతున్నాడు. వెనకాల మునిలక్ష్మి సున్నపు గంప మోస్తోంది. తెల్లటి గీతలు ఒకదాన్నొకటి కలుసుకుంటూ గదులవుతున్నాయి. పెంచల్ కొత్త పంచె మడిచి కట్టి, ఫోను పట్టుకుని గదిలోంచి గదిలోకి నడుస్తున్నాడు.

“ఇది హాలు మే. ఇదో, దీవానియా. ఇక్కడ నేను కూసుంటా. ఇది నీ హోష్. పైన ఆకాశం సూడు, ఎంతుందో!”

“అబ్బ!” అంది వెంకటేశ్వరి. గీతల్లో నడిచే మొగుణ్ణి చూస్తుంటే నిజంగానే గోడలు లేచినట్టనిపించి ఒళ్ళు పులకరించింది. రెడ్డెమ్మ ముక్కు చీదుకుంది. “వంటింట్లోకి పో,” అంది వెంకటేశ్వరి. “ఇప్పుడు మెట్ల కింది రూములోకి పో.”

“వచ్చినా.”

“ఫోను మునిలచ్చిమికి ఇచ్చి నువ్వాడ పండుకో.”

“ఏందీ?”

“పండుకోవయ్యా. నేల మీద.”

“కొత్త పంచె మే!”

“ఉతుక్కోవచ్చు. పండుకో.”

చుట్టూ ఉన్న కూలోళ్ళు నవ్వారు. గంగాధర్ సున్నం గిన్నె పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. పెంచల్ అటూ ఇటూ చూసి, ముహూర్తం పూట పెళ్ళాంతో పేచీ ఎందుకనుకున్నాడేమో, గీతల మధ్య వెల్లకిలా పడుకున్నాడు. మనిషి ఆరడుగులకు వేలెడు తక్కువ. తల ఒక గీతకు ఆనింది, పాదాలు ఇంకో గీతకు ఆనాయి.

“పట్టినా గదా! నేను చెప్పలా?”

“తలాపున ఒకటిన్నర అడుగు ఇనప బీరువా ఉండాది. కిందికి జరుగు.”

జరిగాడు. మడమలు సున్నపు గీత దాటి అవతలికి పోయాయి. జనం మళ్ళీ నవ్వారు, ఈసారి పెంచల్ కూడా నవ్వాడు.

“ఆ కాళ్ళు పోయింది గోడ లోపలికి. మడుచుకో.” ఆమె గొంతు నెమ్మదిగానే ఉంది. “పక్కన బియ్యం బస్తాలు. ఆ చెయ్యి గూడా దగ్గరికి తీసుకో. కిటికీ లేదు. తలుపు మూసినారు. ఇప్పుడు కండ్లు మూసుకో.”

పెంచల్ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కళ్ళు మూసుకున్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అతను కళ్ళు తెరవకుండానే అడిగాడు.

“ఎవురిది మే ఈ రూము?”

వెంకటేశ్వరి గోడ మీద నుంచి ఫోను తీసుకుంది. రెడ్డెమ్మ వైపు ఒకసారి చూసి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఇస్త్రీ గది దాటింది, హాలు దాటింది, దీపాల గుత్తి కింద ఈసారి ఆగలేదు. వంటింట్లోంచి పోయి, తల వంచి, గదిలో మంచం మీద కూర్చుని లైటు వేసింది. ఫోను నిదానంగా చుట్టూ తిప్పింది. బస్తాలు, బీరువా, మెట్ల వాలు, దిండు.

“నాది,” అంది.

పెంచల్ కళ్ళు తెరిచి, మునిలక్ష్మి చేతిలోని ఫోనులోకి చూస్తున్నాడు. లేవలేదు. ముడుచుకున్న కాళ్ళు అలాగే ఉన్నాయి. “పద్నాలుగేండ్లా?” అన్నాడు, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

“పద్నాలుగేండ్లు. ఏడవబాక. నేను బాగుండా. ఈ రూము ఈడ ఉండనీ, పోనీ, దానికి దారి వెతుక్కుంటా. నా ఇంట్లో మాత్రం వద్దు.”

పెంచల్ లేచాడు. పంచెకు అంటిన మన్ను దులుపుకోలేదు. కుడి పాదంతో సున్నపు గీతను బరబరా చెరపడం మొదలుపెట్టాడు.

“అన్నా! అన్నా! పోసిన ముగ్గు తుడపగూడదు, అశుభం!” గంగాధర్ పరిగెత్తుకొచ్చాడు.

“అశుభం యాడుండాదో ఇప్పుడే సూసొచ్చినా లేరా,” అన్నాడు పెంచల్. ఒక గోడ పోయింది. రెండో గోడ పోయింది. ఫోను పట్టుకున్న మునిలక్ష్మి తానూ ఒక కాలు వేసి మూడో గీత చెరిపేసింది. “మా యమ్మ రెడ్డోళ్ళ దివాణంలో ఇట్లాంటి దాంట్లోనే పండుకునె,” అంది, ఎవరూ అడగకుండానే. “గొడ్ల కొట్టం పక్కన. ఇంత మంచి ఇంట్లో గూడా అదే వస్తాండాదే అనుకున్యా. నేనెట్ల చెప్పేది?”

వెంకటేశ్వరికి సిగ్గుతో తల వాలిపోయింది. ఆ వెంటనే గుండె తేలికైంది. “మునిలచ్చిమీ, నువ్వు మాకాడ పనికొస్తే పొద్దున రా, మాపటికి మీ ఇంటికి పో. ఇంటి ఎనక సందులో ఎండకు నడిచి నడిచి అలిసిపోతారు గదా, కూలికి పొయ్యే మీరంతా. ఆ జాగాలో ఏముంటే బాగుంటాది?”

“కూసోను అరుగు,” అంది మునిలక్ష్మి తడుముకోకుండా. “పైన మెట్ల నీడ ఉండనే ఉండాది. వీధిలో మగోళ్ళకు ఒకటుంటే, సందులో మాకొకటి.”

“ఇనపడిందా మేస్త్రీ? సందు పక్క గోడ వద్దు. అరుగు.”

గంగాధర్ తల గోక్కున్నాడు. అశుభం సంగతి మరిచిపోయి అప్పుడే మనసులో ఇటుకలు పేరుస్తున్నాడు. “సరే వదినా. ఎన్ని బిళ్ళలు పొడుగు?”

వెంకటేశ్వరి నోటిదాకా అంకె వచ్చింది. మింగేసింది. రెడ్డెమ్మ చెప్పిన సామెత గుర్తొచ్చి నవ్వొచ్చింది. “ఈసారి బిళ్ళలు వద్దు మేస్త్రీ. కాళ్ళు ముందు, మంచం తర్వాత. ఆయన్ని మళ్ళా పండుకోమను.”

పెంచల్ పడుకున్నాడు. అలవాటు పడ్డట్టు మళ్ళీ మోకాళ్ళు ముడిచాడు.

“సాపయ్యా! బాగా సాపు!” అని అరిచింది వెంకటేశ్వరి, ఇల్లు నిద్రపోతోందన్న సంగతి కూడా మరిచి.

పెంచల్ కాళ్ళు చాపాడు. చేతులు కూడా తల మీదికి చాపాడు. జనం ఈలలు వేశారు. గంగాధర్ అతని చుట్టూ సున్నం పోసుకుంటూ పాదాల దగ్గరికి వచ్చాడు. ఆ గోలలో, ఆ నవ్వులో వెంకటేశ్వరి తన మంచం మీద వెనక్కి వాలి, ఏమనిపించిందో, తనూ కాళ్ళు చాపి చూసింది. కాలివేళ్ళు గోడకు తగిలాయి.

“ఇంకో జానెడు పెంచు మేస్త్రీ,” అంది.